రెండో తరగతి, మూడు నెలలు, లెక్కల నోట్‌బుక్‌లో పదకొండు పేజీలు. క్లాసులో ఏం చేస్తున్నట్టు?

పటమట_అమ్మ
మావాడు రెండో తరగతి. జూన్‌లో బడి మార్చాం. పాత బడిలో రోజూ రెండు డిక్టేషన్లు, నాలుగు పేజీల కాపీ రైటింగు. రాత్రి తొమ్మిదింటికి వాడూ నేనూ ఇద్దరం ఏడుపు. అది పడలేకే మార్చాం. ఇప్పుడు కొత్త బాధ. నిన్న సంచి సర్దుతూ లెక్కల నోట్‌బుక్ తెరిచాను. మూడు నెలలకి పదకొండు పేజీలు! నమ్మలేక మళ్ళీ లెక్కపెట్టాను. అందులోనూ రెండు పేజీల్లో ఏవో పిచ్చి బొమ్మలు.

"ఇవాళ ఏం చేశార్రా" అంటే "చింతపిక్కలు" అంటాడు. మొన్న "చీపురుపుల్లలు". అంతకు ముందు వారం "సంత పెట్టాం, నేను బెండకాయలు అమ్మా" అన్నాడు. అబద్ధమేమో అనుకున్నా గానీ సంచి అడుగున ఎండిపోయిన బెండకాయ దొరికింది.

మా ఆయన "ఇంత ఫీజు పోసి చింతపిక్కలు ఏరించడమేంటి, మా అమ్మ దగ్గరైతే ఊరికే ఏరేవాడు" అని పొద్దస్తమానం దెప్పుతున్నాడు. ఒకటి నుంచి ఐదు లోపు పిల్లలున్నవాళ్ళు, మీవాళ్ళు క్లాసులో అసలు ఏం చేస్తున్నారో చెప్పండి. నేనే అనవసరంగా కంగారు పడుతున్నానా? బడి పేరు అడగొద్దు, చెప్పను.

కృష్ణలంక_కిట్టు
బెండకాయలు కేజీ ఎంతకి అమ్మాడో కనుక్కోండి ముందు. రైతుబజారు కంటే తక్కువైతే మేమూ వస్తాం.

బ్రాడీపేట_4_14
కంగారు పడాల్సిందే. మొహమాటం లేకుండా చెప్తన్నా. మా పెద్దమ్మాయి ఇట్టాంటి ఆటపాటల బళ్ళోనే నాలుగు దాకా చదివింది. ఐదులో నవోదయ రాయిద్దామని కూర్చోబెడితే ఒక పేరా చదవడానికి పది నిమిషాలు. భాగహారం సంగతి చెప్పనే అక్కర్లేదు. నవోదయ అంటే రెండు గంటల్లో 80 ప్రశ్నలండీ. మద్దిరాల నవోదయలో సీటు చింతపిక్కలు లెక్కపెడితే రాదు. చేతికి రాత అలవాటవ్వాలి, ఎక్కాలు నోటికి రావాలి. మిగతావన్నీ ఆ తర్వాత.

మిర్చియార్డు
4_14 అన్నాయ్ చెప్పిందే నా మాట కూడా. ఇరవయ్యో ఎక్కం అప్పజెప్పకపోతే మాకు గోడకుర్చీ. ఇయ్యాల యార్డులో ఎన్ని టిక్కీలు (మిర్చి బస్తాలు), ఎన్ని క్వింటాళ్ళు, ఎంత డబ్బు అనేది ఫోను తియ్యకుండా నోటితో చెప్తన్నానంటే ఆ గోడకుర్చీ చలవే.

నాన్న_2.0
గోడకుర్చీ చలవ కాదు బాబాయ్, ఇన్నేళ్ళు యార్డులో తిరిగిన చలవ. మీతోపాటు గోడకుర్చీ వేసినవాళ్ళందరికీ వచ్చాయా ఎక్కాలు?

మాది దీనికి తిరగేసిన కేసు. పాప యూకేజీ, భవానీపురం. ఒకటి నుంచి వంద దాకా రోజుకి రెండుసార్లు రాస్తుంది. ముత్యాల్లాంటి అంకెలు. నోట్‌బుక్కులు అయిపోతుంటే మూడోది కొన్నాం. మొన్న బండి మీద వెళ్తూ ఊరికే అడిగా, 67 పెద్దదా 76 పెద్దదా అని. "ఏది పెద్దగా రాయాలి నాన్నా?" అంది. వంద దాకా రాయడమంటే దానికి గుమ్మం ముందు చుక్కలముగ్గు వేసినట్టే. చెయ్యి తిరుగుతోంది, అంతే. పటమట గారూ, మీ పదకొండు పేజీలు నాకిచ్చేసి మా మూడు నోట్‌బుక్కులు తీసుకోండి.

ఉప్మా_పెసరట్టు
మూడు నోట్‌బుక్కులు తూకానికేస్తే పెసరట్టు వస్తుంది. ఉప్మాకి మాత్రం ఎక్స్‌ట్రా.

కొరిటెపాడు_లక్ష్మి
నాకు తెలుగుతో వచ్చింది తంటా. మా అమ్మాయి ఒకటో తరగతి. "కకు గుడిస్తే కి, గుడి దీర్ఘమిస్తే కీ, కొమ్మిస్తే కు" అని ఊగుతూ పాట పాడినట్టు మొత్తం గుణింతం అప్పజెప్తుంది. చుట్టాలొస్తే అదే మా ఇంట్లో కచేరీ. పుస్తకంలో "కిటికీ" అని ఉంటే మాత్రం నా మొహం చూస్తుంది. "ఆవు" అన్న చోట "ఆమ" అని చదివింది. కళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలా అని కూడా అనుకున్నాం.

కృష్ణలంక_కిట్టు
ఆవుని ఆమె అందా? సంస్కారం అండీ, సంస్కారం.

టీచరమ్మ_సింగ్‌నగర్
సర్కారు ప్రైమరీ బడిలో చేస్తున్నా, పద్నాలుగేళ్ళ సర్వీసు. కుక్కర్ కూతల మధ్య రాస్తున్నా, తప్పులుంటే సర్దుకోండి.

లక్ష్మి గారూ, కళ్ళ డాక్టరు వద్దు. తెలుగు లిపిలో మ, వు చూడండి ఒకసారి, కొత్తగా నేర్చుకునే కళ్ళతో. రెండూ అన్నదమ్ముల్లా ఉంటాయి. ప, వ కూడా అంతే, ఒకటి నోరు తెరుచుకుని, ఒకటి మూసుకుని. ప్రతి ఏడాదీ నా క్లాసులో ఆవుని ఆమ చేసేవాళ్ళు ఇద్దరు ముగ్గురుంటారు. దసరా సెలవులకి సర్దుకుంటారు.

ఇక పటమట గారి సంగతి. రెండో తరగతి లెక్కల్లో కొండంత విషయం ఒకటే, స్థానవిలువ. నాకు ఒకటి, రెండు తరగతులు కలిపి ఒకే గది. చీపురుపుల్లలు విరిచి పదేసి కట్ట కట్టి రబ్బరుబ్యాండు వేయిస్తాను. 42 అంటే నాలుగు కట్టలు, రెండు విడిపుల్లలు. ఇందులోంచి 17 నాకివ్వమంటాను. ఒక కట్ట ఇస్తారు. ఏడు విడిపుల్లలు ఇవ్వాలి, ఉన్నవి రెండే. అక్కడ ఆగిపోతారు. నేనేం మాట్లాడను. మొన్న ఒక పిల్లాడు చాలాసేపు ఆ రెండు పుల్లలూ చేతిలో పట్టుకుని కూర్చున్నాడు. పక్కవాడు "టీచరు దగ్గర అప్పడుగు" అని చెవిలో ఊదాడు. వీడు వినలేదు. కాసేపటికి ఒక కట్టకున్న రబ్బరుబ్యాండు పీకాడు. పుల్లలన్నీ నేలమీద చెల్లాచెదురు. ఏరుకుని, లెక్కపెట్టుకుని, ఏడు నాకిచ్చి, మిగిలినవి చూసుకుని "ఇరవై ఐదు" అన్నాడు. ఈ తతంగానికి పావుగంట పట్టింది. ఆ పావుగంటకి నోట్‌బుక్‌లో ఒక్క గీత పడలేదు. పుల్లలు పట్టుకోకుండా బోర్డు మీదే నేర్చుకున్న పిల్లలు ఇదే లెక్కకి 35 రాస్తారు. పైనున్న రెండులోంచి ఏడు పోదు కాబట్టి ఏడులోంచి రెండు తీసేసి 5 వేస్తారు. మీ ఇళ్ళల్లో అడిగి చూడండి.

ఇంకొకటి. 2020-21 నుంచి మా పుస్తకాల్లో ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషు. అది మంచా చెడా అన్న రాజకీయం నాకొద్దు. రెండూ పక్కపక్కన ఉండటం వల్ల నాకు ఒకటి అర్థమైంది. ఒక పాపని పిలిచి "థర్టీన్" రాయమన్నా. 31 రాసింది. "ఫోర్టీన్" అంటే 41. చెరిపించి, ఏమీ అనకుండా "పదమూడు" అన్నా. టక్కున 13. "పద్నాలుగు" అన్నా, 14. దానికి లెక్క రాక కాదు. ఇంగ్లీషు మాటలో మూడు ముందు వినపడుతుంది, పది వెనక నక్కి ఉంటుంది. చెవికి ఎలా వినపడితే చెయ్యి అలా రాసింది. మన పదమూడులో పదే ముందు. ఇరవై దాటితే ట్వెంటీ వన్ అన్నా ఇరవై ఒకటి అన్నా దారి ఒకటే, గొడవ లేదు. ఆ పాపని అమ్మానాన్నలు "లెక్కల్లో వీక్" అని ట్యూషన్‌లో వేశారు.

సామాన్లకి ఖర్చేం లేదు. 2024 సెప్టెంబరులో బుడమేరు వచ్చినప్పుడు మా చార్టులు, పుస్తకాలు అన్నీ నానిపోయాయి. సీసా మూతలు, గోళీలు, చింతపిక్కలు మాత్రం బతికి బయటపడ్డాయి. కడిగి ఎండబెట్టి మళ్ళీ డబ్బాలో పోశాం.

మిర్చియార్డు
పదమూడు సంగతి బుర్రకి తట్టలేదెప్పుడూ. మా మనవడు థర్టీన్‌కీ థర్టీకీ కొట్టుకుంటన్నాడు. వాడికి చెవుడేమోనని మా ఆవిడ చెవిలో వాము నూనె పోసింది.

ఉప్మా_పెసరట్టు
మరి పంతొమ్మిదో టీచరమ్మా? అందులో పది ఏదీ? పంతులుగారిలా ఉంది.

టీచరమ్మ_సింగ్‌నగర్
@ఉప్మా_పెసరట్టు ఉంది, పంచె కట్టుకుని ఉంది. పన్నెండు, పంతొమ్మిది కాస్త మారువేషాలు. అయినా ఇంగ్లీషు ఎలెవెన్, ట్వెల్వ్ కంటే నయమే, వాటిలో వెతికినా ఆచూకీ దొరకదు.

బ్రాడీపేట_4_14
టీచర్ గారూ, మీరు చెప్పింది వినడానికి బాగుంది. మీలా పావుగంట పట్టుకుని కూర్చునే టీచర్లు ఎంతమంది? చింతపిక్కలు పిల్లల ముందు పోసి ఫోను చూసుకునే వాళ్ళని నేను కళ్ళారా చూశా. పైగా పరీక్ష హాల్లో పుల్లలివ్వరు గదా. కాగితం మీద చెయ్యలేని లెక్క వచ్చినట్టా రానట్టా?

కొరిటెపాడు_లక్ష్మి
ఇది మాత్రం సబబైన ప్రశ్న.

రిటైర్డ్_మాస్టారు_తెనాలి
చాలాకాలం ఈ వేదికలో చదవడమే గాని రాయలేదు. బ్రాడీపేటాయన అడిగిన ప్రశ్నకి రాయాలనిపించింది.

నేను ఉద్యోగంలో చేరినప్పుడు ఏకోపాధ్యాయ పాఠశాల. ఒక గది, అయిదు తరగతులు, ఒక నేను. ఐదో తరగతి వాళ్ళకి లెక్క ఇచ్చి, మూడో తరగతి వాళ్ళచేత ఒకటో తరగతికి అక్షరాలు దిద్దించి, మధ్యలో పంచాయతీ ప్రెసిడెంటుగారు వస్తే ఆయనకి కుర్చీ వెయ్యాలి. అప్పుడు మాకు సామాను అంటే మార్కాపురం పలకలు, బలపాలు. పలక తెల్లబడితే పిల్లలే దొండాకు, బొగ్గు కలిపి రుద్ది నల్లగా చేసుకునేవారు. ఆ వాసన ఇప్పటికీ ముక్కులో ఉంది. పలకలో ఉన్న సుఖం ఏమిటంటే తప్పు నిలవదు. చెరిపేస్తే పోయింది. నోట్‌బుక్కులో తప్పు ఎర్రసిరాతో పదికాలాలు ఉంటుంది, ఇంటికి వెళ్ళి అమ్మకి చాడీలు కూడా చెబుతుంది.

ఇక విషయం. పుల్లలనుంచి నేరుగా కాగితం మీది అంకెలకి దూకలేరు పిల్లలు. మధ్యలో ఒక మెట్టుంది, బొమ్మ. కట్టకి నిలువుగీత, విడిపుల్లకి చుక్క. 42 అంటే నాలుగు గీతలు, రెండు చుక్కలు. ఏడు చుక్కలు కొట్టెయ్యాలంటే ఒక గీత చెరిపి పది చుక్కలు పెట్టుకోవాలి. ఇది చేతిలో పడ్డాక అంకెలు. పుల్లలతోనే ఆపేసే బడి ఒక రకం తప్పు చేస్తుంది, అంకెలతోనే మొదలుపెట్టే బడి ఇంకో రకం. నేనూ మొదటి పదేళ్ళు రెండో రకమే. "పక్కింటికెళ్ళి అప్పు తెచ్చుకో" అని బోర్డు మీద చెప్పేవాణ్ణి. పక్కింటాయన పది ఇస్తున్నాడో ఒకటి ఇస్తున్నాడో ఒక్కడికీ తెలిసేది కాదు. నాకు చెప్పాలని తోచేది కాదు.

లక్ష్మిగారికి: "కకు గుడిస్తే కి" అన్నది ఆ అక్షరం పేరమ్మా, పలుకు కాదు. పేర్లు వచ్చినంత మాత్రాన చదవడం రాదు. పలక, వల, తల అని మూడు మాటలు రాసి, మూడింట్లోనూ ఉన్న ల చుట్టూ సున్నా చుట్టమనండి. తర్వాత ఆ ల కే గుడి పెట్టి పలికించండి. బలి, పులి, చలి. పాట మానిపించక్కర్లేదు. కచేరీ కచేరీగానే ఉండనీయండి.

మిర్చియార్డుగారికి: 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ కింద ఇప్పుడు గోడకుర్చీ వేయిస్తే మాస్టారికే కుర్చీ పోతుంది. మేమూ వేయించాం. గొప్పగా చెప్పుకునే పని కాదు.

నాన్న_2.0
మాస్టారూ, అప్పు తెచ్చుకో అంటే నేను నిజంగా పక్కింటి సుబ్బమ్మ గారనే అనుకునేవాణ్ణి. తెచ్చిన అప్పు మళ్ళీ ఎప్పుడు తీరుస్తామా అని ఐదో తరగతి దాకా బెంగ.

కృష్ణలంక_కిట్టు
తీర్చలేదు కాబట్టే ఇప్పుడు ఈఎంఐలు.

పటమట_అమ్మ
ఆగండాగండి. మాస్టారు రాసింది చదివి మళ్ళీ నోట్‌బుక్ తీశాను. నేను పిచ్చి బొమ్మలన్న రెండు పేజీలూ ఇదిగో ఇవే! నిలువుగీతలు, పక్కన చుక్కలు, కొన్ని కొట్టేసి ఉన్నాయి. నేను వాడు వానపడుతున్న బొమ్మ గీశాడనుకున్నా. "బాగుందిరా వాన" అని కూడా అన్నాను. వాడేం మాట్లాడలేదు పాపం.

బ్రాడీపేట_4_14
సరే, ఇప్పుడు 42లోంచి 17 కాగితం మీద అడగండి. ఏమొస్తదో నిజం చెప్పాలి.

పటమట_అమ్మ
అడిగాను. పుల్లలతో 25. గీతలు చుక్కలు గీసి 25. ఒకదాని కింద ఒకటి అంకెలేసి చెయ్యమంటే... 35.

బ్రాడీపేట_4_14
ఇంక నేనేం మాట్లాడను.

మిర్చియార్డు
మాట్లాడకుండా ఉంటే నువ్వు 4_14 ఎందుకవుతావ్ అన్నాయ్.

టీచరమ్మ_సింగ్‌నగర్
మూడు మెట్లలో రెండెక్కాడు, మూడు నెలలకి అది తక్కువేం కాదు. కానీ 4_14 గారన్న దాంట్లో ఒక నిజం ఒప్పుకుంటా. మూడో మెట్టు చాలా బళ్ళల్లో ఎగిరిపోతుంది, మా బడిలో కూడా. పిల్లలు పుల్లలతో చేసేశారంటే టీచర్‌కి "వచ్చేసింది" అనిపిస్తుంది. ఫొటో తీసి గ్రూపులో పెడితే పైనుంచి చప్పట్ల బొమ్మలొస్తాయి. మర్నాడు ఇంకో పాఠం. పటమట గారూ, వీలైతే ఒకపూట క్లాసులో కూర్చోనిస్తారేమో అడగండి. చూస్తేనే తెలుస్తుంది.

కొరిటెపాడు_లక్ష్మి
మా బడిలో గేటు లోపలికే రానివ్వరు. వాచ్‌మన్ సంచి అందుకుంటాడు, పిల్లని అందుకుంటాడు, గేటు మూసేస్తాడు. కొరియర్ ఇచ్చొచ్చినట్టు ఉంటుంది.

రెండుజడలు
ఆలస్యంగా వచ్చా. క్లాసులో ఏం చేస్తున్నారో అడిగారు కదా, మా మూడో తరగతి వాడి బడిలో "ప్రాజెక్టులు" చేస్తున్నారు. అంటే నేను చేస్తున్నా. రాత్రి ఎనిమిదింటికి వాట్సాప్‌లో వస్తుంది, రేపటికి అగ్నిపర్వతం అని. బీసెంట్ రోడ్డుకి పరిగెత్తి థర్మోకోల్, రంగులు తెచ్చి, వంటసోడా పోసి, నిమ్మకాయ పిండి, పదకొండున్నరకి పేల్చాను. బ్రహ్మాండంగా పొంగింది. వాడు తొమ్మిదిన్నరకే నిద్రపోయాడు. మర్నాడు ఫస్టు ప్రైజు వచ్చింది. "అమ్మా, అగ్నిపర్వతంలో నిమ్మకాయ ఎవరు పిండుతారు?" అని అడిగాడు. ఆ ప్రశ్నకి క్లాసులో జవాబు చెప్పి ఉంటే అదీ చదువు. ప్రైజు నా పేర ఇచ్చినా సరిపోయేది.

ఉప్మా_పెసరట్టు
నిమ్మకాయ బదులు మిర్చియార్డు బాబాయ్ కారం పోస్తే అసలైన లావా వచ్చేది.

రెండుజడలు
ఇంకా ఉంది. 2020లో కేంద్రం స్కూల్ బ్యాగ్ పాలసీ అని తెచ్చింది. రెండో తరగతి దాకా హోంవర్కే ఉండకూడదు, మూడు నుంచి ఐదు దాకా వారానికి రెండు గంటలు మించకూడదు, సంచి బరువు పిల్లల బరువులో పదోవంతు దాటకూడదు. మా వాడు 22 కేజీలు, సంచి నిన్న కాటా మీద పెడితే ఐదున్నర. మీటింగులో అడిగితే "పేరెంట్సే ఎక్కువ హోంవర్క్ కావాలంటున్నారు మేడమ్" అన్నారు. చుట్టూ చూశా. నలుగురు తల ఊపుతున్నారు.

బ్రాడీపేట_4_14
నేనూ ఊపేవాణ్ణే. పిల్లాడు ఇంటికొచ్చి ఊరికే కూర్చుంటే టీవీ, ఫోనే గదా. హోంవర్క్ ఉంటే కనీసం బల్ల దగ్గరుంటాడు.

టీచరమ్మ_సింగ్‌నగర్
అయితే మీక్కావాల్సింది చదువు కాదు, కాపలా.

బ్రాడీపేట_4_14
అట్టా అంటే నొచ్చుకుంటా టీచర్ గారూ. ఇద్దరం ఉద్యోగాలు. ఇంటికొచ్చేసరికి ఏడవుద్ది. మా నాన్న ఉన్నప్పుడు సాయంత్రాలు ఆయన దగ్గర కూర్చుని బస్సు నంబర్లు, కిరాణా చీటీలు చదివేది మా పాప. ఆయన పోయాక ఆ రెండు గంటలు ఎవరివి?

టీచరమ్మ_సింగ్‌నగర్
తొందరపడి అనేశాను, ఏమీ అనుకోకండి. మా ఇంట్లోనూ అదే పరిస్థితి. మా వాడి హోంవర్క్ నేను చూసి పదిహేను రోజులైంది, పేరుకి టీచర్ని.

నిర్వాహకుడు
బడుల పేర్లు రాసిన రెండు పోస్టులు తీసేశాను. ఇక్కడ తిట్టుకోవాలంటే పేర్లు లేకుండా తిట్టుకోండి.

రిటైర్డ్_మాస్టారు_తెనాలి
కిరాణా చీటీ సంగతి బ్రాడీపేటాయన ఊరికే అన్నారు గాని, దాన్ని మించిన రెండో తరగతి పాఠ్యపుస్తకం లేదు. చదవడం ఉంది, తూకం ఉంది, డబ్బులున్నాయి. చట్టం ప్రకారం ఒకటి నుంచి ఐదు తరగతులకి ఏడాదికి 200 పనిదినాలు, 800 బోధన గంటలు. రోజుకి నాలుగు గంటలు. హాజరు, ప్రార్థన, బోర్డు మీది తేదీ వారం కాపీ చెయ్యడం, లైను కట్టడం, "సైలెన్స్, సైలెన్స్" అనడం పోతే ఒక పిల్లవాడు నోరు విప్పి మాట్లాడేది ఎంతసేపో లెక్కకట్టండి. నేను ఒకసారి నా క్లాసులోనే గడియారం పెట్టుకుని చూసుకున్నా. వెనకబల్ల పిల్ల ఒకత్తి రోజు మొత్తంలో "ప్రెజెంట్ సార్" తప్ప ఏమీ అనలేదు.

పటమట_అమ్మ
వెళ్ళొచ్చాను! శనివారం పొద్దున. టీచర్ చిన్నమ్మాయి, ఇరవై నాలుగో ఐదో ఉంటాయి. అడగ్గానే భయపడింది, తర్వాత వెనక బల్లమీద చోటిచ్చింది.

చూసింది చూసినట్టు రాస్తున్నా. పిల్లల్ని నలుగురేసి గుంపులు చేసింది. చింతపిక్కలు పోసింది. మొదటి పది నిమిషాలు చేపలబజారే. కిటికీ దగ్గర గుంపులో ఒక పాప నడిపిస్తోంది. "నువ్వు పదేసి కుప్పలు పెట్టు, నువ్వు లెక్కపెట్టు, నువ్వు రాయి" అని. ఆ గుంపు భలే చేసింది. పిక్కలు ఎన్నుంటాయో ముందే ఊహించి రాయాలట. ఒకడు "వెయ్యి" అన్నాడు, ఒకత్తి "ఎనభై" అంది. లెక్కపెడితే 86. ఆ ఎనభై అన్న పిల్ల మొహం చూడాల్సింది. కుప్పని చూసి అందాజు కట్టడం నాకే రాదు, నేను మనసులో రెండొందలు అనుకున్నా.

రెండో గుంపులో మావాడు. వాడేం చేస్తున్నాడంటే, చూస్తున్నాడు. పక్కవాడు చేస్తున్నాడు, వీడు వాడికి పిక్కలు అందిస్తున్నాడు. రాసే వంతు వచ్చేసరికి పెన్సిల్ చెక్కుకోవడానికి వెళ్ళాడు. చెక్కీ చెక్కీ అరంగుళం మిగిల్చాడు. ఇంకో గుంపులో ఇద్దరు పిక్కలతో ఓనగుంటలు ఆడుకుంటున్నారు. అదీ లెక్కేగా అని టీచర్ వదిలేసింది.

తర్వాత టీచర్‌తో మాట్లాడా. 35 సంగతి చెప్పా. బుకాయించలేదు. "రాయించాలి మేడమ్, ఆలస్యమైంది. గుంపుల్లో ఎవరు చేస్తున్నారో ఎవరు చూస్తున్నారో నాకూ ఒక్కోసారి తెలియట్లేదు" అంది. సోమవారం నుంచి గుంపులో రాసేవాళ్ళని రోజూ మారుస్తానంది. పాత బడిలో నేనేదైనా అడిగితే ప్రిన్సిపల్ మాట్లాడేది, టీచర్ తలొంచుకునేది. ఇక్కడ టీచరే మాట్లాడింది. నాకు కాస్త మనసు కుదుటపడింది. మా ఆయనకి పడలేదు.

నాన్న_2.0
పెన్సిల్ చెక్కడానికి వెళ్ళడం! నా ప్రాథమిక విద్యంతా చెత్తబుట్ట దగ్గరే సాగింది. పాపం వాడిని ఏమీ అనకండి.

టీచరమ్మ_సింగ్‌నగర్
ఆ టీచర్ పిల్లకి నా తరఫున చెప్పండి, నలుగురి గుంపులు ఎక్కువ, ఇద్దరేసి పెట్టమని. ఇద్దరిలో దాక్కోవడం కుదరదు. ఇది నాకు తెలియడానికి ఆరేళ్ళు పట్టింది.

కొరిటెపాడు_లక్ష్మి
మాస్టారూ, పులి బలి చలి పని చేస్తోంది. నిన్న కిరాణా కొట్టు బోర్డు మీద "చింతపండు" చదవబోయి చిం దగ్గర ఆగి, నన్నడక్కుండా తనే పూర్తి చేసింది. కాకపోతే "చింతవండు" అంది.

మిర్చియార్డు
ప నోరు మూసుకుంది కాబోలు.

బ్రాడీపేట_4_14
పటమట గారూ, ఒక మాట ఒప్పుకుంటన్నా. మీరు రాసింది చదివి మా రెండోదాన్ని, మూడో తరగతి, నోట్‌బుక్ నిండా ఎర్ర టిక్కులే ఉంటాయి, దాన్ని కూర్చోబెట్టి 42లోంచి 17 ఇచ్చా. కాగితం మీద రెండు సెకన్లలో 25. సంతోషం. "ఆ నాలుగు మీద కొట్టేసి మూడు ఎందుకేశావమ్మా" అంటే "అట్టానే వెయ్యాలి, లేకపోతే టీచర్ కొట్టుద్ది" అంది. ఎందుకో తెలీదు. కొట్టడం సంగతి వేరే మాట్లాడతా బడికెళ్ళి. ఎక్కాల మీద మాత్రం నా మాట మారదు. ఏడు ఎనిమిదులు ఎంతంటే వేళ్ళు మడవకూడదు.

రిటైర్డ్_మాస్టారు_తెనాలి
ఎక్కాల విషయంలో నేను మీవైపే. అర్థమయ్యాక నోటికి రావలసిందే. ఏడు ఎనిమిదులు ప్రతిసారీ కుప్పలు పోసి కూర్చుంటే తెల్లారిపోతుంది.

కృష్ణలంక_కిట్టు
56. ఫోను తియ్యకుండానే చెప్పా, రికార్డు చేసుకోండి.

పటమట_అమ్మ
పది రోజుల తర్వాత. కాగితం మీద 42లోంచి 17, 25 వచ్చింది. 63లోంచి 28 కూడా వచ్చింది. మా ఆయనే చేయించాడు, నేను కాదు. సాయంత్రం పుల్లలు పెట్టుకుని ఇద్దరూ నేలమీద బోర్లా పడుకుని చేస్తున్నారు. అంతా బాగుందనుకునేలోపు 50లోంచి 23 ఇస్తే 33 వేశాడు. సున్నాలోంచి ఏం పోదు కాబట్టి మూడు అలాగే దింపేశాడట. మళ్ళీ మొదటికొచ్చామా?

రిటైర్డ్_మాస్టారు_తెనాలి
కాదమ్మా, సున్నా దగ్గర దాదాపు అందరూ ఒకసారి ఆగుతారు. అయిదు కట్టలు పెట్టండి, విడిపుల్ల ఒక్కటి కూడా పెట్టకండి. ఇరవై మూడు ఇమ్మని అడిగి ఊరుకోండి. రబ్బరుబ్యాండు వాడే పీకాలి, మీరు పీకొద్దు.

పటమట_అమ్మ
అయిదు కట్టలంటే యాభై పుల్లలండీ మాస్టారూ. ఉన్న చీపురు అయిపోయింది. మొన్న మా ఆయన కొత్త చీపురులోంచి విరుస్తుంటే మా అత్తగారు పట్టుకున్నారు. ఇప్పుడు దాన్ని బీరువాలో పెట్టి తాళం వేసుకున్నారు.